విరేచనాల పొడి మానలేకపోతున్నాను, తిండితోనే దారికి వస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. మూడేళ్లుగా మలబద్ధకం. వారానికి రెండుసార్లే అవుతుంది, అదీ మేక పెంటికల్లా, చాలాసేపు ముక్కితే గానీ రాదు. ఆరు నెలలుగా రాత్రిపూట ఒక మూలికల పొడి స్పూను వేసుకుంటున్నాను. డబ్బా మీద సునాముఖి అని రాసి ఉంది. వేసుకున్న మర్నాడు బాగా అవుతుంది, మానేస్తే రెండు మూడు రోజులు అసలు కదలదు. రక్తహీనతకు అయిదు నెలలుగా ఐరన్ మాత్ర, దాంతోపాటే కాల్షియం మాత్ర వేసుకుంటున్నాను. పీచు మంచిదని నెల నుంచి రోజూ నాలుగు పెద్ద స్పూన్ల గోధుమ పొట్టు తింటూ నాలుగు లీటర్ల నీళ్లు తాగుతున్నాను. ఇప్పుడు పొట్ట డప్పులా ఉబ్బుతోంది, విరేచనం మాత్రం మారలేదు. మందులు లేకుండా, సహజంగా, తిండితో సరిచేసుకునే మార్గం చెప్పండి.

సమాధానం: మందులు లేకుండా అంటున్నారు గానీ, ఆరు నెలలుగా మీరు వాడుతున్నది మందే. సునాముఖి ఆకులో సెన్నోసైడ్లు అనే పదార్థాలుంటాయి. మందుల షాపులో మాత్రగా దొరికే ఒక విరేచనాల మందులో ఉండేవీ అవే. మాత్ర మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, పొడికి ఆ లెక్క ఉండదు. ఆకు ఎలాంటిది, స్పూను తలకొట్టి తీశారా, గోపురంగా తీశారా అన్నదాన్ని బట్టి రోజుకో మోతాదు లోపలికి పోతుంది. అంటే మందు కాదనుకుని, కొలత లేని మందు వాడుతున్నారన్నమాట.

అది పనిచేసే తీరు తెలిస్తే మీ అవస్థ సగం విడిపోతుంది. సెన్నోసైడ్లు చిన్నపేగు దాకా పెద్దగా ఏమీ చేయవు. పెద్దపేగుకు చేరాక అక్కడి బాక్టీరియా వాటిని విడగొడతాయి. అప్పుడు పుట్టే పదార్థం పేగు గోడను రెచ్చగొట్టి గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, లోపలి నీటిని పేగు వెనక్కి పీల్చుకోకుండా ఆపుతుంది. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది కాబట్టే రాత్రి వేసుకుంటే తెల్లారి పని చేస్తుంది. మామూలు విరేచనంలో పెద్దపేగు చివరి భాగమే ఖాళీ అవుతుంది. ఈ మందు పడ్డ రోజున దాని వెనకాల వరసలో ఉన్నది కూడా బయటికి తోసుకొస్తుంది. ఆ ఖాళీ మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో విరేచనం కాకపోవడం జబ్బు కాదు, బయటికి రావడానికి లోపల సరుకు లేదంతే. మీరేమో 'పొడి మానేస్తే కదలడం లేదు' అనుకుని మూడో రాత్రి మళ్లీ వేసుకుంటున్నారు. పేగు నిండే సమయానికే మళ్లీ ఊడ్చేస్తున్నారు. అది తనంతట తాను పని చేసే అవకాశం ఆరు నెలల్లో ఒక్కసారి కూడా దానికి దొరకలేదు.

ఇలాంటి పొడులు ఎక్కువ కాలం వాడితే పేగు శాశ్వతంగా మొద్దుబారిపోతుందని చాలామంది భయపెడతారు. సరైన మోతాదులో వాడితే అలా అవుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. నెలల తరబడి వాడినవాళ్లలో చాలామందికి పేగు లోపలి పొర నల్లగా మారుతుంది. మానేశాక కొన్ని నెలల్లో అదే తగ్గిపోతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. పలుచగా ఎక్కువసార్లు అయితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు, గుండె మందుల్లో డిగాక్సిన్ వేసుకునేవాళ్లకు ఇది నిజంగా ముప్పు. మీరు వాటిలో ఏదీ చెప్పలేదు కాబట్టి కంగారు పడక్కర్లేదు. అయితే పొడిని ఈ రాత్రే మానేయకండి. ముందు మిగతావి సరిచేసుకుని, ఆ తర్వాత మెల్లగా దింపాలి. ఆ క్రమం కింద చెబుతాను.

'రోజూ కావాలి' అన్న నియమం కూడా వదిలేయండి. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎన్నిసార్లయినా మామూలే. లెక్క కన్నా మలం రూపం ముఖ్యం. 1997లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ వైద్యులు ప్రచురించిన ఏడు రకాల పట్టికను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. విడివిడి గట్టి ఉండలు ఒకటో రకం. ఉండలన్నీ అంటుకుని గడ్డలుగడ్డలుగా ఉన్నది రెండు. పైన పగుళ్లున్న కడ్డీలా ఉన్నది మూడు, నున్నగా మెత్తగా ఉన్నది నాలుగు. అక్కడి నుంచి ఏడు దాకా పోనుపోను పలుచన. మీది ఒకటో రకం. మూడో నాలుగో రకం వారానికి నాలుగుసార్లు, ముక్కకుండా వచ్చిందంటే మీ పని పూర్తయినట్టే. రోజూ రాలేదని బెంగపడకండి.

ఇక గోధుమ పొట్టు. మీ పొట్ట ఉబ్బరానికి మొదటి ముద్దాయి అదే. గోధుమ పొట్టు నీటిలో కరగని పీచు. అది మలాన్ని మెత్తబరచదు. ముతక రేణువులు పేగు గోడను గీరుతూ పోతుంటే గోడ నీటిని, జిగురును వదులుతుంది, దాని వల్ల కదలిక వస్తుంది. కాబట్టి పొట్టు ముతకగా ఉంటేనే పని చేస్తుంది. మెత్తగా పిండిలా ఆడించిన పొట్టు కొందరిలో మలాన్ని ఇంకా గట్టిపరుస్తుంది కూడా. పైగా గోధుమలో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు పేగులో పులిసి గ్యాసు పుట్టిస్తాయి. నాలుగు పెద్ద స్పూన్లంటే దాదాపు 15 గ్రాముల పొట్టు, అందులో 6 గ్రాముల పైచిలుకు పీచు. అలవాటు లేని పొట్టలో ఒక్క రోజులో అంత వేశారు. మీకు ఇంకో నష్టం కూడా ఉంది: పొట్టులోని ఫైటేట్లు అనే పదార్థాలు ఐరన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవు. రక్తహీనతకు మాత్ర వేసుకుంటున్న మనిషి ఆ పూటే పొట్టు తినడమంటే ఒక చేత్తో పోసి రెండో చేత్తో ఒంపేయడమే. రేపటి నుంచి పొట్టు ఆపేయండి.

నీళ్ల సంగతి. రోజూ పెద్దపేగులోకి చేరే ద్రవం లీటరున్నర దాకా ఉంటుంది. అందులో నూరు, నూటయాభై మిల్లీలీటర్లు తప్ప మిగతాదంతా అది వెనక్కి పీల్చేసుకుంటుంది. మలం ఎంతసేపు అక్కడే ఆగితే అంత ఎండుతుంది. పైనుంచి మీరు తాగే అదనపు నీళ్లు చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లి మూత్రంగా బయటపడతాయి, మలం దాకా చేరవు. ఒంట్లో నీరు తక్కువైనవాళ్లకు నీళ్లు పెంచితే గుణం కనిపిస్తుంది. సరిపడా తాగేవాళ్లకు మూడో లీటరు, నాలుగో లీటరు మూత్రాన్ని పెంచడానికే. లీటరున్నర నుంచి రెండు లీటర్లు చాలు, ఎండలో తిరిగినా చెమట పట్టినా కొంచెం ఎక్కువ. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. ఆ నీటిని మలంలో పట్టి ఉంచేది ఏదైనా కడుపులో ఉండాలి. అదే నీటిలో కరిగి జిగురుగా మారే పీచు.

అందులో అన్నిటికన్నా నమ్మకమైనది ఇసబ్గోల్ పొట్టు. నీళ్లు తగలగానే జెల్లీలా ఉబ్బుతుంది. ఈ జెల్లీని పేగులోని బాక్టీరియా పెద్దగా పులియబెట్టలేవు, కాబట్టి గ్యాసు తక్కువ, పట్టిన నీటిని చివరిదాకా వదలదు. తీసుకునే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. ఒక టీ స్పూను పొట్టును 250 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి కలపగానే, చిక్కబడేలోపే తాగేయాలి. గ్లాసులోనే గట్టిపడ్డాక తాగితే మింగుడు పడదు. వెంటనే ఇంకో అర గ్లాసు నీళ్లు. తాగిన వెంటనే పడుకోకూడదు. పొడిగా నోట్లో వేసుకోకూడదు, అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడిన సందర్భాలున్నాయి. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు, పేగులో ఇరుకు ఉందని చెప్పించుకున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. ఇతర మందులకూ దీనికీ రెండు గంటల ఎడం పాటించాలి, లేకపోతే మాత్రను జెల్లీ పట్టేసుకుంటుంది. మొదటి వారం రోజుకు ఒక టీ స్పూను, రెండో వారం రెండు పూటలా ఒక్కోటి, అవసరమైతే మూడో వారం నుంచి పూటకు రెండు. పని మొదలవ్వడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. తెల్లారేసరికి ఏమీ కాలేదని మోతాదు రెట్టింపు చేయకండి. తక్కువ నీళ్లతో ఎక్కువ పొట్టు వేసుకుంటే ఉన్నదే గడ్డకట్టి సమస్య పెరుగుతుంది.

పండ్ల విషయంలో నోటిమాటకన్నా గట్టి ఆధారాలున్నవి రెండు: పచ్చ కివీ, ఎండు ప్లమ్ పండ్లు. షాపుల్లో వాటిని ప్రూన్స్ అంటారు. 2021లో అమెరికాలో మలబద్ధకం ఉన్నవాళ్లను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ రెండు కివీలు, ఇంకో గుంపుకు 100 గ్రాముల ప్రూన్స్, మూడో గుంపుకు 12 గ్రాముల ఇసబ్గోల్ నాలుగు వారాలు ఇచ్చి చూశారు. మూడు గుంపుల్లోనూ గుణం కనిపించింది, చికిత్స నచ్చలేదని చెప్పినవాళ్లు కివీ గుంపులో తక్కువ. ప్రూన్స్‌లో పీచుతో పాటు సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది. పేగు దాన్ని సరిగా పీల్చుకోలేదు, అది నీటిని లాగి ఉంచుతుంది. అదే సార్బిటాల్ ఉబ్బరం కూడా తెస్తుంది. అందువల్ల మీలాంటి వాళ్లు వంద గ్రాములతో మొదలుపెట్టకూడదు. నాలుగు పండ్లతో మొదలుపెట్టి, పొట్ట ఒప్పుకుంటే పెంచండి. షుగర్ ఉన్నవాళ్లు వీటిని లెక్కలో వేసుకోవాలి. ఈ రెండూ దొరకకపోతే తొక్కతో సహా ఒక బేరి పండులో 5 గ్రాములకు పైగా పీచు ఉంటుంది, అదీ సార్బిటాల్ ఉన్న పండే. తొక్కతో తిన్న యాపిల్‌లో 4 గ్రాములు. రసం తీసి వడగట్టారంటే పీచంతా చెత్తబుట్టలోకి పోయినట్టే.

అవిసె గింజలు చాలామంది గింజలుగానే మింగేస్తారు. చాలావరకు అవి ఎలా వెళ్లాయో అలాగే బయటికి వస్తాయి. దంచి లేదా మిక్సీలో పట్టి వాడాలి. ఒక పెద్ద స్పూను పొడికి కనీసం ఒక గ్లాసు నీళ్లు తోడుండాలి. పొడి చేశాక అందులోని నూనె త్వరగా పాడై చెడు వాసన వస్తుంది, కాబట్టి వారానికి సరిపడా మాత్రమే పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇసబ్గోల్, అవిసె రెండూ ఒకే వారంలో మొదలుపెట్టొద్దు. ఉబ్బరం వస్తే ఏది కారణమో తెలియకుండా పోతుంది.

మొత్తం లక్ష్యం రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ కూర్చి చూస్తే కష్టమేమీ కాదు. పొద్దున 40 గ్రాముల ఓట్స్‌తో 4 గ్రాములు, ఒక బేరి పండుతో 5, ఒక పూట 150 గ్రాముల ఉడికిన పప్పు లేదా చిక్కుడు గింజలతో 11, రెండు పూటలా కలిపి 150 గ్రాముల కూరగాయలతో 4, రెండు కివీలతో 4. ఇక్కడికే 28 అయింది. తెల్ల అన్నంలో మాత్రం 100 గ్రాములకు అర గ్రాము కూడా ఉండదు. అన్నం ఎంత తిన్నా పీచు ఖాతాలో పడేది సున్నాయే అనుకోండి. ఈ 28 గ్రాములు మొదటి రోజే తినేయకూడదు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి. పేగులోని బాక్టీరియాకు కొత్త మేత అలవాటు కావడానికి రెండు మూడు వారాలు కావాలి. ఆ లోపల వచ్చే గ్యాసు తాత్కాలికం. పప్పులు, చిక్కుళ్లు పడనివాళ్లు ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మెత్తగా ఉడికించి, రోజుకు మూడు స్పూన్లతో మొదలుపెట్టాలి. ఉబ్బరం తెచ్చే చక్కెరల్లో కొంత భాగం ఆ పారబోసిన నీళ్లతో పోతుంది.

తిండి ఎంత మార్చినా, టాయిలెట్ అలవాట్లు మారకపోతే సగం ఫలితమే వస్తుంది. మీ ఉత్తరంలో వాటి ప్రస్తావన లేదు, చాలామంది ఉత్తరాల్లోనూ ఉండదు. అసలు కీలకం అక్కడే అని నా అభిప్రాయం. నిద్ర లేచాక, ఏదైనా తిన్నాక పెద్దపేగుకు ఒక ఊపు వస్తుంది. కడుపు సాగగానే కింద పేగు కదలడం శరీరం పెట్టుకున్న ఏర్పాటు. రోజు మొత్తంలో ఇది బాగా బలంగా ఉండేది పొద్దుటి టిఫిన్ తర్వాతే. టిఫిన్ మానేసి, పరుగున ఆఫీసుకు వెళ్లి, అక్కడ ఒత్తిడి వస్తే ఆపుకునేవాళ్లకు ఆ ఊపు వృథా అవుతుంది. ఆపుకున్న ప్రతిసారీ మలం మలాశయంలోంచి వెనక్కి జరుగుతుంది, ఇంకా ఎండుతుంది. కొన్నేళ్లు అలా చేస్తే సంకేతం రావడమే మందగిస్తుంది. కాబట్టి టిఫిన్ తిన్న 20 నిమిషాలకు, ఒత్తిడి ఉన్నా లేకున్నా, రోజూ ఒకే సమయానికి వెళ్లి అయిదు నుంచి పది నిమిషాలు కూర్చోండి. రాకపోతే లేచి వచ్చేయండి, మర్నాడు మళ్లీ అదే సమయం. ఫోను బయట పెట్టి వెళ్లండి. ఫోనుతో కూర్చుంటే పది నిమిషాలు అరగంట అవుతుంది, అంతసేపు కమోడ్ మీద కూర్చుంటే మొలల దగ్గర రక్తం నిలిచిపోతుంది.

కూర్చునే తీరుకు కారణం ఉంది. మలాశయం చుట్టూ ఒక కండరం ఉచ్చులా చుట్టుకుని దాన్ని ముందుకు లాగి పట్టి ఉంచుతుంది, పైపు మడత పడ్డట్టు. మామూలుగా మలం జారిపోకుండా కాపాడేది ఆ మడతే. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ కండరం వదులై మడత తెరుచుకుంటుంది. కమోడ్ మీద నిటారుగా కూర్చుంటే సగమే తెరుచుకుంటుంది. పాదాల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పీట పెట్టి, మోకాళ్లు తొడ మొదలుకన్నా పైకి వచ్చేలా, కొంచెం ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోండి. ఊపిరి బిగపట్టి ముక్కకండి. అలా బిగిస్తే కింది ద్వారం కూడా బిగుసుకుంటుంది. పొట్టను బెలూనులా ముందుకు వదిలి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ కిందికి నెట్టండి.

పొట్ట మర్దనా కొందరికి పనికొస్తుంది. తిన్న వెంటనే కాకుండా, పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట కుడివైపు కింద నుంచి పక్కటెముకల దాకా పైకి, అక్కడి నుంచి అడ్డంగా ఎడమకు, ఎడమవైపు కిందికి, పది నిమిషాలు అరచేత్తో వలయంగా. పెద్దపేగు సాగే దారి అదే కాబట్టి ఆ దిక్కునే చేయాలి. గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు వద్దు. రోజూ అరగంట నడక మంచిదే, కానీ నడక ఒక్కటే దీన్ని తీర్చేస్తుందని ఆశపడకండి. గంటకోసారి కుర్చీలోంచి లేవడం మాత్రం మానొద్దు.

మీ మాత్రలకు వద్దాం. మలబద్ధకం మూడేళ్ల నాటిది, ఐరన్ అయిదు నెలల నాటిది, కాబట్టి మూలం ఐరన్ కాదు. కానీ ఉన్న ఇబ్బందిని అది పెంచుతుంది, కాల్షియం కార్బొనేట్ ఇంకా పెంచుతుంది. రెండూ కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌ను అందనివ్వదు కూడా. ఐరన్ ఒక పూట, కాల్షియం ఇంకో పూట భోజనంతో వేసుకోండి. ఐరన్‌కు టీ, కాఫీ గంటైనా ఎడంగా ఉండాలి. ఐరన్ రోజు విడిచి రోజు వేసుకుంటే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది, ఒంటికి అందేదీ మెరుగ్గానే ఉంటుంది. మీకు రాసిన డాక్టరును ఈ సంగతి అడగండి, మీ అంతట మీరు ఆపేయకండి. ఐరన్ వల్ల మలం నల్లగా రావడం మామూలే. అసలు ఆ రక్తహీనత ఎందుకు వచ్చిందో తేల్చారా? నెలసరిలో ఎక్కువగా పోతోందా, మరెక్కడైనా కారుతోందా? మలబద్ధకం, రక్తహీనత ఒకే మనిషిలో ఉంటే ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మాత్రలు మింగుతూ పోకూడదు. థైరాయిడ్, రక్తంలో కాల్షియం, షుగర్ పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి. థైరాయిడ్ మందగిస్తే ఎన్ని పండ్లు తిన్నా పేగు కదలదు. కొడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి, దగ్గు మందులు, నిద్ర తెప్పించే పాతరకం అలర్జీ మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు మలాన్ని గట్టిపరుస్తాయి. మీ అలమరలో ఇవి ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు పొడిని దింపే క్రమం. మొదటి రెండు వారాలు పొడి మోతాదు మార్చకండి, ఇప్పుడు వేసుకుంటున్నట్టే వేసుకోండి. ఆ రెండు వారాల్లో గోధుమ పొట్టు ఆపి, ఇసబ్గోల్ మొదలుపెట్టి, టిఫిన్ తర్వాత కూర్చునే అలవాటు స్థిరపరచుకోండి. మూడో వారం స్పూనును అర స్పూను చేయండి. నాలుగో వారం అర స్పూను రోజు విడిచి రోజు. అయిదో వారం రెండు రోజులకోసారి పావు స్పూను, ఆరో వారం నుంచి మానేయండి. మధ్యలో పలుచనైతే ఒక అడుగు వేగంగా దింపవచ్చు. మానేశాక రెండు రోజులు ఏమీ కాకపోతే ఊరుకోండి. కారణం పైన చెప్పాను. మూడు రోజులు దాటితే గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే మందు బిళ్ల) ఒకటి పెట్టుకోండి. పావుగంట నుంచి గంటలోపు పని చేస్తుంది, మలాశయం దగ్గర మాత్రమే పని కాబట్టి మొత్తం పేగును ఊడ్చేయదు. గర్భం వచ్చే అవకాశం ఉంటే పొడి సంగతి వెంటనే డాక్టరుతో మాట్లాడండి.

ఈ లోపల ఎవరెవరో సలహాలిస్తారు. ఆముదం తాగితే రెండు నుంచి ఆరు గంటల్లో చిన్నపేగు దగ్గర నుంచే మెలిపెట్టి ఖాళీ చేస్తుంది. మీరు వదిలించుకోవాలనుకుంటున్న చక్రమే అది, ఇంకా ముతకగా. గర్భిణులకు అసలు వద్దు. పరగడుపున ఉప్పునీళ్లు లీటర్ల కొద్దీ తాగి 'పేగు కడగడం' వల్ల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరిగిన సందర్భాలున్నాయి. కాఫీ ఎనిమాలు పేగును కాల్చిన సందర్భాలున్నాయి. మెగ్నీషియం ఉన్న ఉప్పులు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పనికిరావు. కాఫీ మాత్రం తాగే అలవాటుంటే టిఫిన్‌తో తాగండి, కొందరికి పేగును కదిలిస్తుంది.

ఇవన్నీ ఆరు వారాలు పాటించినా మలం మెత్తబడింది గానీ బయటికి రావడం లేదంటే, గడప దగ్గర అడ్డుపడ్డట్టు అనిపిస్తుంటే, వేలితో సాయం పట్టాల్సి వస్తుంటే, సమస్య తిండిది కాదు. నెట్టేటప్పుడు వదులవ్వాల్సిన కింది కండరాలు తిరగబడి బిగుసుకుంటూ ఉండొచ్చు. ఇది ఊహించినంత అరుదు కాదు. ఇలాంటివాళ్లకు పీచు పెంచేకొద్దీ వెనకాల రద్దీ పెరుగుతుంది, పొట్ట ఇంకా ఉబ్బుతుంది. బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణతో ఆ కండరాలను వదలడం నేర్పిస్తారు, ఫలితం బాగుంటుంది. జీర్ణకోశ నిపుణుడు మలద్వారం పరీక్షతో, ఒత్తిడి కొలిచే పరీక్షతో దాన్ని తేలుస్తారు.

అలాంటిదేమీ లేకుండా తిండితో చాలినంత మార్పు రాకపోతే మాక్రోగోల్ పొడి, సాధారణంగా 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో, మంచి ప్రత్యామ్నాయం. అది సహజం కాదు, ప్రయోగశాలలో తయారైనదే. అయినా పేగును రెచ్చగొట్టదు, నీటిని పట్టి ఉంచుతుందంతే. మీ ఆకు పొడికన్నా అదే పేగుకు నెమ్మది. సహజం అన్న మాట దగ్గర ఆగిపోయి దాన్ని కాదనుకోవద్దు.

మలంలో రక్తం, ఐరన్ వాడకపోయినా తారులా నల్లగా జిగటగా రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంట్లో దగ్గరివాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, 45 దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇవి ఉంటే ఇంటి చిట్కాలతో వారాలు గడపకూడదు. వాంతులతో పాటు పొట్ట బిగుసుకుపోయి, గ్యాసు కూడా వెళ్లకపోతే ఆ గంటే ఆసుపత్రికి. ఇంట్లో పెద్దవాళ్లకు రోజులుగా మలం రాక, తర్వాత ఉన్నట్టుండి నీళ్లలా కారితే అది విరేచనాలు కాకపోవచ్చు. గట్టిపడ్డ ముద్ద పక్కనుంచి కారుతూ ఉండొచ్చు. దానికి విరేచనాలు ఆపే మాత్ర వేస్తే గడ్డ ఇంకా బిగుసుకుంటుంది.

వెళ్లేటప్పుడు నొప్పి, చురుకు, కాగితం మీద ఎర్రటి చుక్కలు ఉంటే అక్కడ చీలిక పడి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే కండరం సడలుతుంది. నొప్పికి భయపడి ఆపుకోవడమే దాన్ని మాననివ్వదు. రక్తం కనిపిస్తే ఒక్కసారైనా డాక్టరుకు చూపించి, చీలికే అని తేల్చుకున్నాకే ఇంటి వైద్యం.

ఒక చిన్న పుస్తకంలో రోజూ మూడు విషయాలు రాయండి: మలం బ్రిస్టల్ పట్టికలో ఎన్నో రకం, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఆ రోజు పొడి ఎంత. ఆరు వారాలకు ఆ కాగితమే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది. ఇసబ్గోల్ రేపు పొద్దున టిఫిన్‌తో మొదలుపెట్టండి, ఐరన్ మాత్ర మాత్రం రాత్రికి మార్చుకోండి.